కాస్పర్ తాళం

ఫ్యోన్ గాలి మొదలైందంటే మా త్సూగ్ ఊళ్ళో ఎవరికీ కుదురుండదు. కొండల మీంచి వెచ్చగా దిగివచ్చి, సరస్సు అవతలి రీగి కొండని చెయ్యి చాస్తే అందేలా దగ్గరికి జరిపి పెడుతుంది. తలనొప్పులు, చిరాకులు, కారణం లేని పోట్లాటలు. బేకరీ ఆవిడ చిల్లర విసిరినట్టు ఇస్తుంది. నాకు మామూలు రోజుల్లోనే కాలు ఒకచోట నిలవదు. ఆ సోమవారం పొద్దున కిటికీ తలుపులు టపటపా కొట్టుకుంటుంటే, కాఫీ కూడా తాగకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక ప్రతిపాదన రాసి, రెండోసారి చదవకుండా పంపేశాను. కాస్పర్‌ని కాపాడదామని పంపాను. ఆయన్ని ముంచింది నేనేనని మధ్యాహ్నానికి తెలిసింది.

లావీనా అని మాకో సంస్థ ఉంది. కొండల మీద మంచు ఎంత లోతు పడిందో కొలిచే పరికరాలు సభ్యులు ఎవరి ఖర్చుతో వాళ్ళు పాతుతారు. ఆ లెక్కలు అందరికీ ఊరికే ఇస్తాం. మంచుపెళ్ళలు విరిగిపడే చోట్ల అవి చూసే జనం బయల్దేరతారు, లేదా బయల్దేరరు. సంస్థకి యజమాని లేడు, అధ్యక్షుడు లేడు, ఆఫీసు లేదు. త్సూగ్‌లో ఒక మెట్లదారిలో డజన్ల పేర్లున్న పోస్టు డబ్బా మీద మా పేరూ ఒకటి, అంతే. ఏ నిర్ణయమైనా సభ్యుల ఓటుతోనే. ఆ ఓట్లు ఎవరూ చెరపలేని లెక్కపుస్తకం లాంటి బ్లాక్‌చెయిన్ మీద పడతాయి. నెగ్గినదాన్ని ప్రోగ్రామే అమలు చేసేస్తుంది. మధ్యలో ఆపే చెయ్యి ఎవరిదీ ఉండదు. ఆపే చెయ్యి ఉంటే ఏదో ఒక రోజు దాన్ని ఎవడో మెలిపెడతాడని కాస్పర్ అనేవాడు.

ఈ సంస్థ ఆలోచన కాస్పర్‌దే. ముప్ఫై ఏళ్ళు మంచు కొలిచి రిటైరైన మనిషి. గుబురు మీసం, కోటు జేబులో ఎప్పుడూ ఒక జున్నుముక్క. నేను ఇలాంటి సంస్థలకి నియమాలు రాసిపెట్టి బతుకుతాను. ఈ ఊళ్ళో ఆ పనికి కరువు లేదు. లావీనా నియమాలు మేమిద్దరం కలిసి రాశాం. కలిసి రాశాం అంటే, ఆయన చెప్పాడు, నేను పోట్లాడాను, చివరికి ఆయన చెప్పిందే రాశాను.

నా పేరు మైథిలి. ఆయన నోట అది మైట్లి. ఇక్కడి యాసలో మైట్లి అంటే చిన్నపిల్ల. నలభై దాటినా ఆయనకి నేను చిన్నపిల్లనే. మొదట్లో దిద్దాను, తరవాత మానేశాను. అందరికీ అదే అలవాటైపోయింది.

"వరసగా మూడు ఓట్లకి నోరు విప్పనివాడు మనవాడు కాదు, మైట్లీ. పేరు దానంతటదే రాలిపోవాలి. రాసుకో," అన్నాడు ఆ రోజుల్లో.

"మనిషికి జబ్బు చేస్తే?"

"జబ్బు చేసినా వేలుంటుందిగా. నొక్కమను."

"కాస్త దయ పెట్టు, కాస్పర్. రోగులకి మినహాయింపు అని ఒక్క ముక్క రాస్తాను."

"రోగికో తలుపు, ముసలాడికో తలుపు, స్నేహితుడికో తలుపు. ఇన్ని తలుపులు పెట్టాక గోడ ఎక్కడ నిలబెడతావు?"

అలా రాలిపోయిన పేరు మళ్ళీ రాదు. కొత్తవాడిగా చేరాలంటే ముగ్గురు సభ్యుల ఎదుట నోటితో మాట్లాడి తన గురించి చెప్పుకోవాలి. యంత్రాలు దొంగచాటుగా చేరకుండా అదీ ఆయన పెట్టిన నియమమే.

ఫిబ్రవరిలో స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కాస్పర్ కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తం గడ్డకట్టింది. చేతిలోని ఫోను పట్టాల మీద పడింది, దాని మీంచి రైలు పోయింది. మనిషి బతికాడు. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మిగిలింది ఒకే ఒక్క మాట: నెయ్. వాళ్ళ భాషలో కాదు అని. ఇన్నేళ్ళైనా నా చెవికి అది నెయ్యి అనే వినపడుతుంది. ఆస్పత్రిలో మొదటిసారి నన్ను చూసి ఆయన నెయ్, నెయ్ అంటుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

లావీనాలో ఓటెయ్యాలంటే సభ్యుడి చేతిలో తాళంచెవి ఉండాలి. ఇనపది కాదు, పన్నెండు మాటలు. ఒకదానికొకటి పొంతన లేని మాటలు, అదే వరసలో. ఫోను పోతే కొత్త ఫోనులో ఆ మాటలు కొడితేగానీ మన ఓటు మనకి దక్కదు. బుద్ధున్నవాళ్ళు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకుంటారు. కాస్పర్ కణత మీద వేలితో కొట్టి చూపించి, "ఇక్కడుంది బీరువా" అనేవాడు. ఆ బీరువాకే దెబ్బ తగిలింది.

మార్చిలో ఒక ఓటు పోయింది. ఏప్రిల్ మొదట్లో ఇంకోటి పోయింది. మూడోది ఎప్పుడొస్తుందోనని నాకు తిండి సహించలేదు. అందుకే ఆ సోమవారం పొద్దున, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి మూడు ఓట్ల నియమం వర్తించకూడదని ప్రతిపాదన పెట్టాను.

మధ్యాహ్నం యోస్ట్ ఫోన్ చేశాడు. యోస్ట్‌ది రోటర్‌డ్యామ్. సభ్యులందరిలో నియమాలు బట్టీపట్టినవాడు అతనొక్కడే. నేను రాసినవి నాకే గుర్తుచేస్తాడు.

"మైట్లీ, కూర్చునున్నావా?"

"లేదు, నడుస్తున్నాను. ఏం?"

"నీ ప్రతిపాదన చదివాను. చక్కగా రాశావు. కామాలు కూడా ఎక్కడివక్కడ ఉన్నాయి."

"ఎత్తిపొడుపులు తరవాత. విషయం చెప్పు."

"కాస్పర్ ఎన్ని ఓట్లు వదిలేశాడు?"

"రెండు. మూడోది వస్తే పేరు పోతుంది. అందుకే కదా..."

"మూడోది వచ్చేసింది. పొద్దున నువ్వే తెచ్చావు."

సరస్సు ఒడ్డున బాతులకి రొట్టె వేస్తున్న ఒక పెద్దాయన నా మొహం చూసి చెయ్యి ఆపేశాడు. ప్రతిపాదన అంటే ఓటే. ఆయన్ని కాపాడే ప్రతిపాదన మీద కూడా ఆయన ఓటెయ్యాలి. వెయ్యకపోతే అదే ఆయన వదిలేసిన మూడో ఓటు.

"అది నెగ్గుతుంది కదా. నెగ్గితే మినహాయింపు వస్తుంది," అన్నాను.

"శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఓటు మూసుకుంటుంది. మూసుకోగానే ముందు నోరు విప్పనివాళ్ళ పేర్లు రాలతాయి. ఆ తరవాత కొత్త నియమం అమల్లోకి వస్తుంది. ఆ వరసని నువ్వే రాశావు."

"కాస్పర్ రాయించాడు."

"ఎవరు రాయిస్తేనేం. నీ నియమం వచ్చేసరికి కాపాడ్డానికి మనిషి ఉండడు."

"వెనక్కి తీసుకుంటాను."

"ఎలా తీసుకుంటావు?"

ఒకసారి పడిన ప్రతిపాదనని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అలా ఉండాలనే కదా ఇంత కష్టపడ్డాం. ప్రపంచంలో ఇంకే సంఘంలోనైనా ఒక గుమాస్తా కాగితం పక్కన పెట్టి, "పోనీలెండి, పాపం" అనేస్తాడు. మాకు ఆ గుమాస్తా లేడు. లేకుండా చేసుకున్నాం.

"ఇంకో మాట, మైట్లీ. నేను వ్యతిరేకంగా వేశాను. తరవాత తెలిసి తిట్టుకోకు," అన్నాడు యోస్ట్.

"నువ్వు మనిషివేనా?"

"అది కూడా నిరూపించుకునే చేరాను," అని పెట్టేశాడు.

మంగళవారమంతా నంబరు తెలిసిన సభ్యుడికల్లా ఫోన్లు చేశాను. అయ్యో అన్నారు, ఎంత పని జరిగింది అన్నారు, చేసేదేముంది అన్నారు. కూర్చోలేక లేచాను, లేచి ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ కూర్చున్నాను. బుధవారం కాస్పర్ భార్య దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ పేరు రెగూలా. ఆ పేరుకి అర్థమే నియమం. మా ఇంట్లో నియమం ఒకటే, అదిగో వంటింట్లో ఉంది, అని కాస్పర్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నా పేరుని పూర్తిగా, తిన్నగా పలికేది ఈ ఊళ్ళో ఆవిడొక్కతే. నేను వెళ్ళేసరికి వంటింటి అరలన్నీ ఖాళీ చేసి బల్ల మీద పోసి ఉన్నాయి. టీ డబ్బాలు, జాడీలు, మేకుల సీసాలు.

"మళ్ళీ వెతికారా?" అన్నాను.

"ఎన్నోసారో లెక్కపెట్టలేదు. పుస్తకాలన్నీ దులిపాను. పియానో మూత ఎత్తి చూశాను. ఈ మనిషి ఎక్కడా ఒక ముక్క రాసుకోలేదు, మైథిలీ. సంతకి వెళ్ళినా చీటీ తీసుకెళ్ళే రకం కాదు, ఇది రాస్తాడా." కిర్ష్ కేకు కోసి నా ముందు పెట్టింది. అందులోని సారా వాసనకి నా తలనొప్పి ఇంకాస్త పెరిగింది.

నేను చేసిన పని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుణ్ణు. ఆవిడ బల్ల మీది మేకుల్ని ఒక్కొక్కటే సీసాలో వేస్తూ కూర్చుంది.

"నీ లావీనా గోల నాకు ఏనాడూ అర్థం కాలేదు," అంది చివరికి. "కానీ ఒకటి చెప్తాను. ఆ ఆస్పత్రిలో నా మొగుణ్ణి ఎవరూ ఏమీ అడగరు. ఏ సూప్ కావాలో నన్నడుగుతారు. ఏ చొక్కా వెయ్యాలో నన్నడుగుతారు. డాక్టరు ఆయన మంచం పక్కనే నిలబడి, ఆయన బల్లో కుర్చీయో అయినట్టు, నాతో మాట్లాడతాడు. బయట ఎక్కడైనా ఆయన్ని ఒక మనిషి కింద లెక్కేసేది ఉందంటే, అదొక్కటే. అక్కడ ఆయన నొక్కితే నొక్కినట్టే. ఏమండీ, నిజమేనా అని నన్నడగరు. అదొక్కటీ పోకుండా చూడమ్మా."

"ఎలా చూడను? మాటలు ఆయన తలలో ఉన్నాయి."

"తలలోంచి ఏం వస్తోంది ఈ మధ్య, ఆ పాట తప్ప. స్నానం చేస్తూ పాడుకునేవాడు చూడు, అది. మాట నేర్పే అమ్మాయి దాన్ని మళ్ళీ బయటికి తెచ్చిందట, తెగ సంబరపడుతోంది. నేనైతే ఆ పాట మాటలు ఎప్పుడూ వినలేదు. నీళ్ళు ధారగా వదిలేసి పాడేవాడు. నీళ్ళ బిల్లు చూసి ఎన్నిసార్లు కేకలేశానో."

అదే ముక్క ఇంకో రోజు విని ఉంటే అక్కడికక్కడే లేచి గెంతేదాన్ని. ఆ రోజు నా బుర్ర నిండా శుక్రవారమే. కేకు సగంలో వదిలేసి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున రైలెక్కాను. కాస్పర్‌కి ఆ సంగతి నా నోటితోనే చెప్పాలనిపించింది. పేరు పోయాక ఎవరో చెప్పడం కన్నా, పోకముందు నేను చెప్పడం మర్యాద. రైల్లో సీటు మారాను, మళ్ళీ మారాను. ఎదుటి సీటు ముసలావిడ అల్లిక ఆపి, "ఫ్యోన్ కదమ్మా, అందరికీ అలాగే ఉంటుంది," అంది.

మాటా నడకా మళ్ళీ నేర్పే ఆస్పత్రి సరస్సు పైన గుట్ట మీద ఉంది. కాస్పర్ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. మీసం ఒకవైపు వాలిపోయింది. రెగూలా పక్కన కూర్చుని ఆపిల్ గుజ్జు తినిపిస్తోంది. ఆ గదిలో ఇంకో మంచం నేగెలి గారిది. రైల్లో టిక్కెట్లు చూసి రిటైరైన మనిషి, తుంటి విరిగి వచ్చాడు. నోటికి మాత్రం ఏమీ కాలేదు.

నేను కుర్చీ లాక్కుని కాస్పర్ ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ప్రతిపాదన, మూడో ఓటు, మధ్యాహ్నం. ఆయన కళ్ళు నా మొహం మీంచి కదల్లేదు. అర్థమవుతోందని తెలుస్తూనే ఉంది.

"నెయ్," అన్నాడు.

"అవును. నా తొందరే నీ కొంప ముంచింది. తిట్టు."

"నెయ్." ఎడమచెయ్యి ఎత్తి గాలిలో అడ్డంగా ఊపాడు. తిట్టనన్నాడో, అలా జరగదన్నాడో.

ఇంతలో మాట నేర్పే అమ్మాయి వచ్చింది. పేరు సెలీన్. పెన్సిలు జుట్టులో గుచ్చుకుని, చకచకా నడిచే పిల్ల. "మీరూ ఉండండి, ఈయన అద్భుతంగా చేస్తున్నారు. మాట్లాడే దారి మూసుకుపోయినా, పాడే దారి వేరే ఉంటుంది. చేత్తో దరువేస్తే అది తెరుచుకుంటుంది," అంటూ ఆయన ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకుని కుర్చీ చేతి మీద మెల్లగా తట్టడం మొదలుపెట్టింది.

కాస్పర్ కళ్ళు మూసుకున్నాడు. రాగం ఏదో పిల్లల ఆటపాట లాంటిది. నెయ్ తప్ప ఇంకేం రాని నోటిలోంచి మాటలు వచ్చాయి. పొల్లుపోకుండా, ఒకదాని వెనక ఒకటి. ఒక జంతువు పేరు. ఒక వంటపాత్ర. ఒక రుతువు. ఒకదానికొకటి పొంతన లేదు. నాలుగో మాటకి రెండు చేతులతో చెవులు మూసుకుని గదిలోంచి బయటికి పరుగెత్తాను. ఆ మాటలేమిటో నన్నడక్కండి, చెప్పను.

మా భాషలో తాళం అంటే రెండూ. చేత్తో వేసేదీ తాళమే, తలుపుకి వేసేదీ తాళమే. ఆ రెంటికీ చుట్టరికం ఏమిటని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ మనిషి కాగితం మీద రాసుకోకుండా, మాటల్ని పాటలో పెట్టి దాచుకున్నాడు. మాటలన్నీ పోయినా పాటలోవి పోలేదు.

రెగూలా నా వెనకే వచ్చింది. "ఏమైంది? కళ్ళు తిరిగాయా?"

"అవే, రెగూలా. ఆ మాటలే. తాళం మాటలు."

ఆవిడ గోడకి ఆనుకుంది. చేతిలో ఆపిల్ గుజ్జు గిన్నె అలాగే ఉంది. "నీళ్ళు వదిలేసి పాడేది అందుకా," అని మాత్రం అంది.

అంతలో నేగెలి గారు చక్రాల కుర్చీ తోసుకుంటూ వరండాలోకి వచ్చాడు. "ఏమిటమ్మా, పాట నచ్చలేదా? మంచి పాట. నాకు పూర్తిగా వచ్చు. నర్సులందరికీ వచ్చు. కింద వంటాయన మాగ్రోనెన్ పాస్తా కలుపుతూ దాన్నే కూనిరాగం తీస్తాడు. పాడమంటారా?"

"వద్దు! మీకు దణ్ణం పెడతాను, వద్దు."

నా ఆనందం అక్కడితో ఆవిరైపోయింది. లావీనాలో ఇంకో నియమం ఉంది. తన తాళపు మాటలు ఇంకొకరికి చెప్పినవాడు సభ్యుడు కాడు. అది తెలిసిన సభ్యుడు తోటివాళ్ళకి చెప్పి తీరాలి. ఇక్కడ ఒకరికి కాదు, ఆస్పత్రి మొత్తానికి తెలిసిపోయింది, వంటాయనతో సహా. ఊరుకుంటే మూడో ఓటు నియమం కింద పోతాడు. ఆ మాటలతో ఓటేయిస్తే ఈ నియమం కింద పోతాడు. రెండూ ఆయన కట్టిన గోడలే, నేను సున్నం వేశాను.

రెగూలాకి చెప్పాను. ఆవిడ మొహం ఎర్రబడింది. "అయితే గెంటెయ్యండి. కానీ ముందు ఆయన నొక్కాలి. నొక్కిన తరవాత గెంటండి. నోరు విప్పలేదు కాబట్టి పోయాడని మాత్రం రాయడానికి వీల్లేదు. పొద్దుట్నుంచీ పాడుతూనే ఉన్నాడు నా మొగుడు."

దాచిపెట్టాలని నాకు అనిపించలేదని అంటే అబద్ధం. చాలా అనిపించింది. కానీ కాస్పర్ ముందు కూర్చుని, కాస్పర్ రాయించిన నియమానికి కన్నం పెట్టి, ఆయన మొహం ఎలా చూడను? వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ యోస్ట్‌కి ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"ఉన్నావా?" అన్నాను.

"చదువుతున్నాను. 'తన తాళపు మాటలు ఇంకొకరికి చెప్పినవాడు.' ఇలాగే ఉంది. చెప్పినవాడు."

"నాకు తెలుసు, నేనే రాశాను. వెటకారాలు ఆపి..."

"ఆస్పత్రి వాళ్ళ ఉత్తరం నువ్వే ప్రతిపాదనతో పాటు అందరికీ పంపావుగా. మాట పడిపోయింది, ఏమీ చెప్పలేడు అని ఉంది అందులో. చెప్పలేనివాడు ఎలా చెప్తాడు?"

"పాడాడు, యోస్ట్."

"పాడినవాడి గురించి నియమంలో ఏమీ లేదు." గొంతులో ఎక్కడా నవ్వు లేదు. "లేనిదాన్ని నేను కలపను. నియమం అంటే రాసినంతే. కానీ తాళం అందరికీ తెలిసిపోయింది కాబట్టి వచ్చే ఓటు లోపల మార్చుకోవాలి. కొత్త మాటలు, ఎవరికీ తెలియనివి. మార్చుకోకపోతే నేనే ఫిర్యాదు చేస్తాను. ఇంకో సంగతి, నీ ప్రతిపాదన ఒక్క ఓటు తేడాతో నెగ్గుతోంది. మధ్యాహ్నం కావస్తోంది, ఇంకా నాతో మాట్లాడతావేం?"

పరుగున గదిలోకి వచ్చాను. రెగూలా సంచిలోంచి కొత్త ఫోను తీసింది. సెలీన్‌కి ఏం జరుగుతోందో సగమే తెలుసు, అయినా ఆయన చెయ్యి పట్టుకుని తట్టింది. కాస్పర్ పాడాడు, రెగూలా కళ్ళద్దాలు ముక్కు చివరికి జరుపుకుని ఒక్కో మాటా కొట్టింది. నేను కిటికీ వైపు తిరిగి, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నిలబడ్డాను. రెగూలా భుజం తట్టాకే ఇటు తిరిగాను.

తెర మీద ఆయన పేరు వచ్చింది. కింద నా ప్రతిపాదన, దాని కింద రెండు మీటలు. పచ్చది ఔను, ఎర్రది కాదు.

"పచ్చది నొక్కు, కాస్పర్," అన్నాను. "ఏదైనా నొక్కితే నువ్వు ఉంటావు. పచ్చది నొక్కితే నీ తరవాత జబ్బు పడేవాళ్ళు కూడా ఉంటారు."

ఆయన నన్ను చూశాడు, తెర చూశాడు. ఎడమచేతి చూపుడువేలు పైకి లేచింది. పచ్చమీట మీంచి దాటిపోయి, ఎర్రదాని మీద దిగింది.

"అయ్యో, తప్పు పడింది," అన్నాను.

"వీళ్ళకి ఔనూ కాదూ తారుమారవుతుంటాయి. అది ఈ జబ్బు లక్షణమే," అంది సెలీన్ మెల్లగా.

రెగూలా మొగుడి మొహమే చూస్తోంది.

మా ప్రోగ్రాం ప్రతి ఓటుకీ ఇంకోసారి అడుగుతుంది. వేలు జారినవాళ్ళ కోసం పెట్టాం. తెర మీద ప్రశ్న వచ్చింది: కాదు అనే ఓటేశారు, ఖాయమేనా? మళ్ళీ రెండు మీటలు, పచ్చది ఔను, ఎర్రది కాదు. తారుమారైన మనిషైతే మళ్ళీ ఎర్రదే నొక్కుతాడు. కాస్పర్ వేలు ఈసారి తిన్నగా వెళ్ళి పచ్చమీట మీద దిగింది. దిగి, కాసేపు అక్కడే ఉంది.

"నెయ్," అన్నాడు, నా వైపు తిరిగి. వాలని వైపు మీసం పైకి లేచింది. నవ్వాడు.

కింద ఊళ్ళో మధ్యాహ్నం చర్చి గంటలు మొదలయ్యాయి, ఓటు మూసుకుంది. ఓట్లు సరిసమానం అయ్యాయి. సమానమైతే ప్రతిపాదన వీగినట్టే, అది కూడా నియమమే. ఆయన కోసం నేను పెట్టబోయిన తలుపుని ఆయనే ఒక్క ఓటుతో పడగొట్టాడు. మూడు ఓట్ల నియమం అలాగే నిలబడింది, కాస్పర్ పేరూ అలాగే నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. నెలల తరబడి ఆ మనిషిని జాలి పడాల్సినవాడిగా చూశానని అప్పుడు తెలిసింది, సిగ్గేసింది. రెగూలా ఆపిల్ గుజ్జు గిన్నె బల్ల మీద పెట్టి, చెంచా ఆయన ఎడమచేతిలో పెట్టింది. "నువ్వే తిను," అంది.

కాసేపటికి యోస్ట్ నుంచి సందేశం వచ్చింది: "ముసలాడు మారలేదు. తాళం మాత్రం మార్చమను."

తరవాతి వారం మళ్ళీ వెళ్ళాను. గాలి తగ్గింది, రీగి దాని చోటికి అది వెళ్ళిపోయింది. ఫోను కొత్త మాటలు పన్నెండు ఇచ్చింది. అవి ఆయనకి తప్ప ఎవరికీ తెలియకూడదు. కాబట్టి సెలీన్ ఆయనకి దరువు సొంతంగా వేసుకోవడం నేర్పి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి బయటికి వచ్చేసింది. ఫోను చెవిలో ఒక మాట గొణుగుతుంది, ఆయన మంచం కమ్మీ మీద తట్టుకుంటూ దాన్ని రాగంలో పెట్టుకోవాలి. ఉన్న మాటలే పోయిన మనిషి, కొత్తవి నేర్చుకోవాలి. పూర్తిగా వస్తాయో రావో, వచ్చే ఓటు లోపల వస్తాయో రావో సెలీన్ కూడా చెప్పలేనంది.

వరండాలో మేం నలుగురం వరసగా నిలబడ్డాం. నేను, రెగూలా, సెలీన్, చక్రాల కుర్చీలో నేగెలి గారు. నలుగురమూ చెవులు మూసుకున్నాం. అటుగా వచ్చిన నర్సుని నేగెలి గారు, టిక్కెట్టు లేనివాణ్ణి ఆపినట్టు, తలూపి ఆపేశాడు. ఆవిడ కూడా ట్రే కింద పెట్టి చెవులు మూసుకుంది.

లోపల దరువు మధ్యలో ఒకసారి ఆగిపోయింది. "నెయ్," అని పెద్దగా వినపడింది. రెగూలా కదలబోయింది, నేను మోచేత్తో ఆపాను. మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు.

అరచేతులు గట్టిగా నొక్కుకున్నాను. మాటలు వినపడటంలేదు. తాళం మాత్రం పడుతోంది.